చేరినవారెందరు? గట్టెక్కినవారెందరు?

ఏటేట మన విశ్వవిద్యాలయములు రెండు లెక్కలను ప్రకటించుచుండును. ఈ సంవత్సరము మాయందు చేరినవారింతమంది యనునది మొదటిది. పరీక్షకు కూర్చున్నవారిలో నూటికింతమంది కృతార్థులైరి యనునది రెండవది. ఈ రెండంకెలను చూచి పాలకులు తృప్తిపడుదురు, పత్రికలు ప్రశంసించును, తల్లిదండ్రులు తమ బిడ్డల నెక్కడ చేర్పవలయునో నిర్ణయించుకొందురు. కాని ఈ రెండంకెల నడుమ మూడవ యంకె యొకటి కలదు. చేరియు పరీక్ష వరకు రాక, చదువు విడిచి వెడలిపోయినవారెందరు? ఎందుచేత వెడలిరి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట తమ విధి యని గుర్తించిన విద్యాలయములు మన దేశమున మిక్కిలి యరుదు.

2023వ సంవత్సరము డిసెంబరు మాసమున లోక్‌సభలో నొక ప్రశ్నకు సమాధానముగా కేంద్ర ప్రభుత్వమువారు కొన్ని లెక్కలను బయటపెట్టిరి. అంతకు ముందటి అయిదేండ్లలో కేంద్ర విశ్వవిద్యాలయములనుండి, ఐ.ఐ.టి.లనుండి, ఐ.ఐ.ఎం.లనుండి చదువు విడిచిన వెనుకబడిన తరగతుల, షెడ్యూల్డు కులముల, షెడ్యూల్డు తెగల విద్యార్థుల సంఖ్య 13,626. ఇందు కేంద్ర విశ్వవిద్యాలయముల వాటా 9,642, ఐ.ఐ.టి.ల వాటా 3,542, ఐ.ఐ.ఎం.ల వాటా 442. విద్యార్థులకు అవకాశములనేకములున్నవనియు, ఒక సంస్థనుండి మరియొక సంస్థకు, ఒక శాఖనుండి మరియొక శాఖకు వారు తమ యిష్టముచొప్పున మారుచుందురనియు ప్రభుత్వమువారు సమాధానము చెప్పిరి. ఈ మాటలో సత్యము లేకపోలేదు. మెరుగైన చోటు దొరకినపుడు పోవుట దోషము కాదు. కాని యీ పదమూడు వేల పైచిలుకు మందిలో అట్లు పోయినవారెందరు, రుసుము చెల్లింపలేక పోయినవారెందరు, పాఠము బోధపడక పోయినవారెందరు, తోడివారి యవమానము సహింపలేక పోయినవారెందరు? ఈ విభాగము ఆ సమాధానమున కానరాదు. లెక్క తెలిసినది; కారణము తెలియలేదు. కారణము తెలియని లెక్క రోగనామము లేని మరణపట్టిక వంటిది.

ఈ యుపేక్ష నిన్న మొన్నటిది కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములను స్థాపించినపుడు ఆంగ్ల ప్రభుత్వమువారు లండను విశ్వవిద్యాలయమును మాదిరిగా గైకొనిరి. ఆనాటి లండను విశ్వవిద్యాలయము బోధించునది కాదు, పరీక్షించునది. మనవియు నట్లే పరీక్షాశాలలై పుట్టినవి. బోధన కళాశాలలపాలు, ప్రశ్నపత్రమును పట్టాయును విశ్వవిద్యాలయముపాలు. కావున దాని దృష్టిలో విద్యార్థి యనగా పరీక్షా రుసుము చెల్లించి సంఖ్య పొందినవాడే. ఆ సంఖ్య పొందకమునుపే యింటికి పోయినవాడు దాని దృష్టిలో పుట్టనేలేదు. పరాయి ప్రభుత్వమునకు కావలసినవారు కచేరీ గుమాస్తాలు. వడపోతలో మిగిలినవారు చాలుదురు. జారిపోయినవారితో వారికి పని లేకుండెను. ఆ ప్రభుత్వము 1947లో పోయినది. ఆ వడపోత మాత్రము మనయొద్దనే నిలిచినది.

పెద్దలు హెచ్చరింపకపోలేదు. 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతను 1948-49లో కూర్చున్న విశ్వవిద్యాలయ విద్యాసంఘము, ఒక్క సంస్కరణమునే సూచింపుమన్నచో పరీక్షల సంస్కరణమునే సూచింతుమని స్పష్టముగా చెప్పినది. 1964-66 నాటి కొఠారీ సంఘమును ఈ విషయమునే నొక్కి వక్కాణించినది. పిదప సెమిస్టరులు వచ్చినవి, క్రెడిట్లు వచ్చినవి, అంతర్గత మార్కులు వచ్చినవి. పేర్లు మారినవి గాని కొలత యొక్క స్వభావము మారలేదు.

ఆ కొలతలోని లోపమును చిన్న గణితముచే చూపవచ్చును. ఒక కళాశాలలో నూరుగురు చేరిరనుకొందము. మూడేండ్లలో ఇరువదిమంది వెడలిపోయిరి. మిగిలిన యెనుబదిమంది పరీక్షకు కూర్చుండగా డెబ్బదిరెండుగురు నెగ్గిరి. కళాశాలవారు నూటికి తొంబది యని ప్రకటింతురు. అది యబద్ధము కాదు. కాని చేరిన నూరుగురిలో ఫలము పొందినవారు డెబ్బదిరెండుగురే. ఇంకను చిత్రమేమనగా, బలహీనులైనవారు ముందుగానే వెడలిపోయినకొలది ఆ కళాశాల కీర్తి పెరుగును! ఎండిన నారును పీకివేసి, మిగిలిన దుబ్బులను మాత్రమే లెక్కించి, నా మడి నూటికి నూరుపాళ్లు పండినదని చెప్పుకొను కౌలుదారుని మాటను మన రైతు సోదరులు నమ్ముదురా? పొలము విషయమున నమ్మని మాటను బిడ్డల విషయమున నేల నమ్ముచున్నాము?

రెండవ లోపము మరింత సూక్ష్మమైనది. ప్రథమశ్రేణి విద్యార్థులను ఏరికోరి చేర్చుకొని, మూడేండ్ల పిదప వారిని ప్రథమశ్రేణిలోనే బయటికి పంపిన విద్యాలయము చేసిన ఘనకార్యమేమి? మారుమూల గ్రామమునుండి తెలుగు బడిలో చదివి, అత్తెసరు మార్కులతో వచ్చినవానిని నిలువరించి, ద్వితీయశ్రేణికి తెచ్చిన కళాశాల దానికన్న నెక్కువ విద్యాదానము చేసినది గదా! వచ్చినపుడెంత తెలియును, పోవునపుడెంత తెలియును అను భేదమే విద్య. దానిని కొలుచువారు లేరు.

నేటి ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 1994లో బెంగుళూరు కేంద్రముగా న్యాక్ సంస్థ యేర్పడి, విద్యార్థుల కొసగు సహాయమును, వారి పురోగతిని పరిశీలనాంశములలో చేర్చినది. 2016లో మొదటిసారి వెలువడిన జాతీయ శ్రేణీపట్టికయందు నిర్ణీత కాలములో పట్టా పొందినవారి పాళ్లకును చోటు కల్పించిరి. దిశ మంచిదే. కాని యీ యంకెలను సమర్పించునవి ఆ విద్యాలయములే. వాని ఫలితముగా కీర్తిధనములను పొందునవియు నవియే. 2021-22 నాటి అఖిలభారత ఉన్నతవిద్యా సర్వే ప్రకారము మన విద్యార్థుల సంఖ్య 4.33 కోట్లు, కళాశాల వయస్సువారిలో చదువుచున్నవారు నూటికి 28.4. 2035 నాటికి దీనిని 50కి పెంపవలయునని 2020 నాటి జాతీయ విద్యావిధానము సంకల్పించినది. సంకల్పము శ్లాఘ్యము. అయినను తలుపులు వెడల్పు చేసినపుడు లోన మెట్లు సరిగా నున్నవో లేవో చూడవలదా?

ఆ విధానమునందే మరియొక యేర్పాటు కలదు. ఒక సంవత్సరము చదివి పోయినవానికి సర్టిఫికేటు, రెండు సంవత్సరములు చదివినవానికి డిప్లొమా యిత్తురు. అవసరమైనపుడు మరలివచ్చి మిగిలినది పూర్తిచేయవచ్చును. వట్టిచేతులతో పోవుటకన్న నిది మేలే. కాని యిందొక ప్రమాదమున్నది. నిన్నటి వరకు చదువు మానినవాడని పిలువబడినవాడు రేపు నిష్క్రమణావకాశమును వినియోగించుకొన్నవాడని పిలువబడును. పేరు మార్చినమాత్రమున పేదవాని నష్టము లాభమగునా? మరలివచ్చినవారెందరో ప్రకటించిననాడే యీ యేర్పాటు సత్యమో మిథ్యయో తేలును.

ఇక వెడలిపోవుటకు హేతువులేవి? మన తెలుగునాట కళాశాలల నెరిగినవారికి ఇవి రహస్యములు కావు. ఇంటర్మీడియెట్ వరకు తెలుగులో ఆలోచించిన బాలుడు ఒక్కసారిగా ఇంగ్లీషు ఉపన్యాసముల వెల్లువలో పడును. మొదటి సెమిస్టరులో రెండు పాఠములు తప్పును. అవి మెడకు గుదిబండలై తరువాతి వానిని తప్పించును. తగినన్ని క్రెడిట్లు లేవని పై తరగతికి పోనీయరు. ప్రభుత్వము చెల్లింతునన్న బోధనా రుసుము సకాలమున రాకపోవును. యాజమాన్యము విద్యార్థిని పీడించును, లేదా ధ్రువపత్రములను బిగపట్టును. ఆడపిల్లకు సంబంధము కుదురును. తండ్రి జబ్బుపడును. ఇవి వేర్వేరు హేతువులైనను అన్నింటియందు నొక్క సామాన్యధర్మమున్నది: ఏదియు నొక్కనాటిలో జరుగదు. వెడలిపోవుటకు ముందు కొన్ని వారములు హాజరు తగ్గును, పరీక్ష తప్పును, హాస్టలులో మౌనము కనిపించును. చూచు కన్నున్నచో తెలియును. ఆ కన్నే కరవు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1990 నాటి చట్టము ఒకటి, ప్రభుత్వ సహాయము పొందు విద్యాలయములు తమయందు చేరినవారిలో నియమితకాలమునకు ఒకటిన్నర రెట్ల లోపల పట్టా పొందినవారి పాళ్లను ప్రకటింపవలయునని విధించినది. లెక్క బయటపడిన పిదప సిగ్గు కలిగినది. సిగ్గు కలిగిన చోట్ల ప్రయత్నము మొదలైనది. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము 2007లో తన రెండేండ్ల కళాశాలలయందు ఒక పథకమును ప్రారంభించినది. విద్యార్థి పూర్తికాలము చదువవలయును. తక్కువైన రుసుమును, పుస్తకములను, నగరములో ప్రయాణపు చీటీని విశ్వవిద్యాలయము భరించును. కొద్దిమంది విద్యార్థులకొక సలహాదారుడు చొప్పున నిలిచి, వారిని తరచుగా కలిసికొనును. చీట్లు వేసి కొందరిని పథకమునందు చేర్చి, కొందరిని చేర్పక పరీక్షించి చూడగా, మూడేండ్లలో పట్టా పొందినవారు చేరనివారిలో నూటికి 22, చేరినవారిలో నూటికి 40. విద్యార్థి యొకనికి వ్యయము పెరిగినది. పట్టా యొకదానికైన వ్యయము మాత్రము తగ్గినది. ఓహైయో రాష్ట్రమున ఆచరింపగా నచటను గొప్ప ఫలితము కలిగినది. పరీక్షలను సులభము చేసి సాధించిన ఫలితము కాదిది. విద్యార్థి పక్కన నొక మనుష్యుని నిలిపి సాధించిన ఫలితము.

అట్లాంటా నగరమునందలి జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున 2003లో ఆరేండ్లలోపల పట్టా పొందువారు నూటికి 32 మాత్రమే. వారు 2011 మొదలు, కొద్దిపాటి బాకీచే పేరు కొట్టివేయబడనున్న విద్యార్థులకు ఆ బాకీ మేరకు చిన్న విరాళములిచ్చిరి. 2012 మొదలు ప్రతి విద్యార్థి మార్కులను, నమోదులను యంత్రములచే నిత్యము పరిశీలించి, అపాయసూచన కనిపించినంతనే సలహాదారుని పంపిరి. ఆ పాళ్లు నూటికి ఏబది దాటినవి. నల్లజాతి విద్యార్థులును పేదవారును తక్కినవారితో సమానముగా పట్టాలు పొందసాగిరి.

ఇట్టి లెక్కలే దుర్బుద్ధుల చేతబడినపుడేమగునో అదే దేశము చూపినది. 2016లో మేరీలాండు రాష్ట్రమునందలి యొక విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, క్రొత్తగా చేరినవారిలో నిలువలేనివారిని ప్రశ్నావళిచే గుర్తించి, నిలిచినవారి లెక్క గట్టు దినమునకు ముందే ఇరువది, ఇరువదియైదుగురిని పంపివేయ తలపెట్టినట్లు బయటపడినది. దేశమెల్ల నిరసించినది, ఆయన పదవి విడిచెను. ఒక చోట ఏ లెక్క చేయూత యైనదో, మరియొక చోట నదే మెడపట్టి గెంటుటకు సాధనమయ్యెను. కావున కొలత యొక్కటియే చాలదు. ఎందులకు కొలుచుచున్నామను ధర్మబుద్ధియు నుండవలయును.

మా సూచనలు సంక్షిప్తముగా నివి. ప్రతి విశ్వవిద్యాలయమును, దాని యనుబంధ కళాశాలలును, చేరిన ప్రతి జట్టును చివరివరకు వెంబడించి, నిలిచినవారెందరు, నెగ్గినవారెందరు, వెడలినవారెందరు, ఎందుచేతనను నాలుగు విషయములను ఏటేట ప్రకటింపవలయును. వెడలిపోవు ప్రతివానితో నొక యధ్యాపకుడు మాటలాడి కారణమును వ్రాసి యుంచవలయును. మొదటి ఆరు వారములలో చిన్న పరీక్ష నొకటి పెట్టి, వెనుకబడినవారికి తెలుగులోనే అర్థము చెప్పి, ఇంగ్లీషునకు వంతెన కట్టవలయును. ప్రభుత్వములు బోధనా రుసుమును సంవత్సరారంభముననే చెల్లింపవలయును. ఆ జాప్యమునకు విద్యార్థి బాధ్యుడు కాడు. అన్నిటికన్న ముందుగా ఖాళీగానున్న అధ్యాపక పదవులను పూరింపవలయును. నూరుమందికొకడు చాలని చోట సలహాదారుడెక్కడనుండి వచ్చును?

అందరికిని పట్టాలు కావలయునా, ఇట్లు నిలుపబూనినచో ప్రమాణములు దిగజారవా యని కొందరు పెద్దలు సందేహింతురు. సందేహము తగినదే. ఉదారముగా మార్కులు కలిపి గట్టెక్కించుట విద్యాద్రోహమే యగును. కాని దేశమంతట జల్లెడపట్టి ఏరుకొన్న ఐ.ఐ.టి. విద్యార్థికి బుద్ధి లేదని యెవ్వరనగలరు? అట్టివాడును వెడలిపోవుచున్నాడన్నచో లోపము వానియందే యున్నదనుట న్యాయమగునా? గట్టు నెత్తు తగ్గింపుమని మేము కోరుట లేదు. ఎక్కువానికి చేయి యందిమ్మని కోరుచున్నాము.

ఇందు మన గృహస్థుల బాధ్యతయు కలదు. పిఠాపురము, విజయనగరము, జయపురము సంస్థానాధీశులు మన కళాశాలలకు భూరి విరాళములిచ్చిరి. గ్రామ గ్రామమున రైతులు తమ పొలములిచ్చి బడులు కట్టించిరి. నేడు మన దాతలు భవనమునకు, సింహద్వారమునకు, శిలాఫలకమునకు ఇచ్చుచున్నారు. అందులో నొక యంశమును చిన్న బాకీచే చదువు ఆగిపోనున్న బిడ్డల నిధికిచ్చినచో, ఫలకముపై పేరు లేకపోయినను ఒక కుటుంబమునందు పేరు నిలుచును. ఈ యేడు కళాశాలకు బిడ్డను పంపు ప్రతి తండ్రియు ప్రిన్సిపాలు గారిని ఒక్క ప్రశ్న యడుగవలయును: అయ్యా, మూడేండ్లక్రితము తమయొద్ద చేరిన నూరుగురిలో నేడు పట్టా చేతబట్టినవారెందరు? సమాధానము చెప్పగల కళాశాలయే బిడ్డను అప్పగింపదగినది. చెప్పలేనిది తన ఫలకముపై ఎంత పెద్ద యంకెను చెక్కించుకొన్నను, మన మా యంకెను నమ్మవలసిన పని లేదు.