పెప్టైడ్ మందు వస్తుందిలే అని కూర్చోకండి



"యాంటీబయోటిక్ పనిచెయ్యకపోతే ఏముందన్నా, పెప్టైడ్ మందులు వస్తున్నాయంట కదా" అన్నాడు మొన్న నాగాయలంకలో ఒక తమ్ముడు. ఆ మాటకే ఈ పోస్టు. కాస్త కోపంగానే రాస్తున్నా.

పెప్టైడ్ అంటే చిన్న ప్రొటీన్ ముక్క. బ్యాక్టీరియా పైపొరకి అంటుకుని చిల్లు పెడుతుంది. కప్ప చర్మంలో ఇలాంటివి ఉన్నాయని 1987లో అమెరికాలో జాస్లాఫ్ అనే ఆయన చెప్పాడు. మన వనామీ రొయ్య రక్తంలోనూ ఉన్నాయని 1997లో తేలింది. మనం పట్టి అమ్ముకునే రొయ్యే! హైదరాబాద్ సీసీఎంబీలో నాగరాజ్ గారు ఏళ్ల తరబడి వీటి మీదే పనిచేశారు. ఇంతా చేస్తే, కప్ప పెప్టైడ్‌ని బట్టి చేసిన షుగర్ పుండ్ల మందుకి 1999లో అమెరికా అనుమతి ఇవ్వలేదు.

అసలు సంగతి వినండి. పెప్టైడ్ మందు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. పేరు కొలిస్టిన్. కిడ్నీలకి దెబ్బ అని తెలిసినా, ఇంకేదీ పనిచెయ్యనప్పుడు ఐసీయూలో ఎక్కిస్తారు. మా బాబాయి కాలి పుండు ముదిరినప్పుడు ఆ సీసా పేరు మొదటిసారి చదివాను. అదే మందుని కోళ్ల దాణాలో కలిపారు, బరువు రావాలని! 2015లో చైనాలో ఆ మందుకి లొంగని జన్యువు బయటపడింది. అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతుంది. 2019 జులైలో కేంద్రం కోళ్లకీ ఆక్వాకీ దాణాకీ కొలిస్టిన్ నిషేధించింది. అప్పటికే చాలా పోసేశారు.

రేపు కొత్త పెప్టైడ్ వచ్చినా మనం చేసేది ఇదే కదా? వైట్ స్పాట్ వైరస్ అన్నా, దానికి యాంటీబయోటిక్ ఏం చేస్తుంది? ఈహెచ్‌పీ కూడా బ్యాక్టీరియా కాదు. అయినా చెక్ ట్రేలో రెండు రొయ్యలు చచ్చి కనపడితే షాపుకి పరుగు. ఎకరానికి లక్షలు పెట్టినోడికి భయం ఉంటుంది, నాకూ ఉంది. కానీ ఆ నీళ్లు డ్రెయిన్లో దిగి పక్కోడి చెరువులోకి పోతాయి. గుడివాడ వైపు పోసింది గుడివాడలోనే ఆగదు. యూరప్ వాడు కంటైనర్ వెనక్కి పంపుతాడని పట్టుబడికి ముందు టెస్టు చేయిస్తాం. ఇంట్లో మనిషి కోసం చేయించం.

రేపు షాపులో ఒక్కటి అడగండి: ఈ డబ్బాలో మందు పేరేంటి, బిల్లు మీద రాసిస్తావా అని. రాయనంటే కొనొద్దు. డబ్బా ఫొటో ఇక్కడ కామెంట్లో పెట్టండి, అందరం చూస్తాం.