బాబుకు ‘ఏఐ లాప్‌టాప్’ కొనాలా?

అబ్దుల్లాపూర్‌మెట్ బ్రాంచిలో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక చాలామంది అడిగిన ప్రశ్న ఇదే: “సార్, బాబుకు ఏఐ లాప్‌టాప్ తీసుకోమంటారా?” ఉన్నది పనిచేస్తుంటే వద్దండి అన్నాను. ఎందుకో చెప్తాను.

మిక్సీలో పచ్చడి చేస్తాం, కారం పట్టుకుంటాం, అవసరమైతే ఇడ్లీ పిండీ రుబ్బుతాం. కానీ పిండి వేడెక్కుతుంది. గ్రైండర్‌లో చల్లగా, మెత్తగా వస్తుంది. అందులో కారం పట్టలేం. కంప్యూటర్‌లోని సీపీయూ మిక్సీ లాంటిది. ఏ పనైనా చేస్తుంది. కాకపోతే ప్రతి చిన్న కూడికకూ ముందు ఆదేశాన్ని తెచ్చుకోవాలి, అదేమిటో పోల్చుకోవాలి. అసలు కూడికకంటే ఈ హడావుడికే పదుల రెట్ల కరెంటు పోతుందని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ 2014లో లెక్క చూపించారు. ఒకే పనికి చేసిన చిప్‌లో ఆ ఖర్చు చాలావరకు తగ్గుతుంది. గూగుల్ 2015 నుంచి వాడుతున్న టీపీయూ, అప్పటి సీపీయూ, జీపీయూలకంటే వాట్‌కు 30 నుంచి 80 రెట్లు ఎక్కువ పని చేసిందని ఆ సంస్థే 2017లో ప్రకటించింది. విశాఖలో ఆ సంస్థ కట్టబోయే గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రంలాంటి చోట, ఒకే రకం లెక్కలు రాత్రింబవళ్లు నడుస్తాయి కాబట్టి, అది చాలా పెద్ద ఆదా.

మన ఇంట్లో అలా కాదు. ఏడో తరగతి పిల్లవాడు చేసే టైపింగ్, స్క్రాచ్, పైథాన్ ఆ ఏఐ చిప్‌ను దాదాపు ముట్టుకోవు. (మా ఇంట్లో గ్రైండర్ కూడా నెలలో 28 రోజులు అటక మీదే.)

వీడియో పాఠాల సంగతి వేరు, ఒప్పుకుంటాను. 2018లో వచ్చిన ఏవీ1 పద్ధతి వీడియోలను విప్పే ప్రత్యేక భాగం చాలా పాత లాప్‌టాప్‌లలో లేదు. సీపీయూయే ఆ పని నెత్తినేసుకుంటుంది. ఫ్యాన్ మోగుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అయినా పాఠం ఆగదు. పాత పద్ధతికే చేసిన ప్రత్యేక భాగమైతే ఏవీ1ను అసలు విప్పలేదు. రేపు ఏఐ పద్ధతులు మారితే నేటి ఏఐ చిప్‌కూ ఆ ఇబ్బంది రావచ్చు.

పైగా లాప్‌టాప్ మూలంగా జరిగే కాలుష్యంలో పెద్ద వాటా తయారీలోనే అయిపోతుంది. పాతదాన్ని మూలన పడేసి కొత్తది తెస్తే, ఆదా అయ్యే కాస్త కరెంటు దానికి సాటిరాదు.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయిందని కంగారుపడేవాళ్లు ఉచితంగా దొరికే ఉబుంటు వేయించి చూడండి. ఎస్‌ఎస్‌డీ లేకపోతే పెట్టించండి. కొత్తది కొనక తప్పని వాళ్లు షాపులో ముందు ర్యామ్ ఎంత, ఏవీ1 ఉందా అని అడగండి. ఏఐ స్టిక్కర్ సంగతి తర్వాత.