నాగార్జునకొండ పాఠం పడవల రేవులోనే మొదలుకావాలి

భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

నాగార్జునసాగర్ జలాశయం మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ మీద, బౌద్ధ విహారాన్ని తలపించే కట్టడంలో 1966 నుంచి నడుస్తున్న ప్రదర్శనశాల సంస్థ సంరక్షణలోనే ఉంది. సెలవుల్లో పిల్లలతో సాగర్ చూడడానికి వచ్చే కుటుంబాలు ఆనకట్టతో పాటు ఈ కొండనూ చూడాలనుకుంటాయి. అక్కడికి పడవలో తప్ప దారి లేదు గనుక, కొండమీద ఎంతసేపు ఉండాలన్నది సందర్శకుడి ఆసక్తి కంటే తిరుగు పడవే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈ పరిమితిని దృష్టిలో ఉంచుకొని ప్రదర్శన పద్ధతిని కొత్తగా ఆలోచించవలసిందిగా కోరడమే ఈ లేఖ ఉద్దేశం.

క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ ఇప్పుడు నీటి అడుగున ఉంది. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడి శిథిలాల సంగతి ప్రభుత్వానికి తెలియజేయగా, 1926లో శాసన విభాగానికి చెందిన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించారు. తరువాత లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. ఆనకట్ట నిర్మాణం ఖాయమయ్యాక, లోయ మునిగేలోగా వీలైనంత వెలికితీయాలని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో విస్తృతంగా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విడదీసి కొండమీదా, తూర్పు ఒడ్డున అనుపులోనూ తిరిగి నిర్మించారు. అమరావతి శిల్పాల్లో పెద్ద భాగం చెన్నైకీ లండన్‌కూ తరలిపోగా, ఇక్కడి శిల్పాలు చాలావరకు తమ చోటికి దగ్గరలోనే నిలిచాయి, చోటు మాత్రమే కనుమరుగైంది. ఈ విషయం తెలియని సందర్శకుడికి కొండమీది చైత్యం మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు తోస్తుంది.

శాసనాల విషయంలో లోటు మరింత పెద్దది. అవి ఎక్కువగా ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి గనుక ఈనాటి చదువరికి రాతి మీది గీతలుగానే మిగులుతాయి. మహాచైత్యపు ఆయక స్తంభాలు, అంటే స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన వేదికల మీద ఐదేసి చొప్పున నిలిపిన స్తంభాలు, రాజు శాంతమూలుని సోదరి శాంతిశ్రీ దానాన్ని చెబుతాయి. బోధిశ్రీ అనే ఉపాసిక, అంటే సన్యసించని బౌద్ధ భక్తురాలు, వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి (శ్రీలంక) పేర్లు వస్తాయి. చనిపోయినవారి స్మృతికి నిలిపే ఛాయాస్తంభాలు రాజులకే గాక సైనికాధికారులకూ, శిల్పకారుల పెద్దకూ ఉన్నాయి. ఒక రాజ్యపు చరిత్రను ఇంత మేరకు స్త్రీల దానాల నుంచీ సామాన్యుల స్మారకాల నుంచీ తెలుసుకోగల చోట్లు తెలుగు నేల మీద అరుదు, ఆ మాట సందర్శకుడికి అందకపోవడం అన్యాయం.

కాబట్టి రెండు రాష్ట్రాల పర్యాటక సంస్థలతో కలిసి, ఇరు రేవుల్లో పడవ కోసం వేచి ఉండే చోటనే మునిగిన లోయ నమూనాను ఉంచి, ఏ కట్టడం ఎక్కడ ఉండేదో, ఎక్కడికి మారిందో అందులో చూపాలి. ప్రదర్శనశాలలోని ప్రతి ముఖ్య శాసనం పక్కన మూలపాఠం తెలుగు లిపిలోనూ, తాత్పర్యం పదో తరగతి విద్యార్థికి అర్థమయ్యే తెలుగులోనూ, దొరికిన చోటు పటంతో సహా కనిపించాలి. సుబ్రహ్మణ్యం బృందం తవ్వకాల నివేదికల సారాన్ని చిన్న తెలుగు పుస్తకంగా రేవులోనే అమ్మాలి. తవ్వినవారు సిద్ధంచేసిన పటాలూ, పండితులు పరిష్కరించిన శాసనపాఠాలూ ఉన్నాయి గనుక దీనికి కొత్త పరిశోధన అవసరం లేదు. రాబోయే వేసవి సెలవుల నాటికి కనీసం రేవుల్లోని నమూనాలనైనా ఏర్పాటు చేయించవలసిందిగా సంస్థకు విన్నపం.