పట్టా ఉంటే పని వస్తుందా?

ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. కుమారుడు ప్రోగ్రాములు వ్రాసే ఉద్యోగం కోసం తిరుగుతున్నాడట. ‘సిస్కోవారి సి.సి.ఎన్.ఎ. పరీక్ష ప్యాసైతే ఉద్యోగం చేతికి వచ్చినట్లే’ అని అమీర్‌పేటలో ఎవరో చెప్పారట. చేతి గాజులు తాకట్టుపెట్టి ఫీజు కట్టమంటారా అని ఆవిడ ప్రశ్న.

వద్దమ్మా, గాజులు చేతికే ఉండనివ్వండి.

1998లో పెట్టిన ఆ పరీక్ష మంచిదే. వేరువేరుగా ఉన్న శాఖలను 2020లో కలిపి ఒకే పరీక్ష చేశారు. కాని అది ముఖ్యంగా రౌటర్లు, స్విచ్చిలు నడిపేవారికోసం పెట్టినది. పైగా పట్టా చెల్లేది మూడేళ్ళే. ఆ తరువాత పునరుద్ధరించుకోవాలి. ప్రోగ్రాములు వ్రాసేవాణ్ణి ముందు అడిగేది, ‘నీవు వ్రాసినదేదీ, చూపించు’ అని.

అలాగని ఆ విద్య దండగ అనను. తన యంత్రంలో చక్కగా నడిచిన ప్రోగ్రాము అవతలి సర్వరుతో మాట్లాడలేక మూగపోతుంది చూడండి, అప్పుడు లోపం పేరును చిరునామాగా మార్చే డి.ఎన్.ఎస్.లో ఉందా, పోర్టు మూసి ఉందా అని పోల్చుకోగలవాడికి పదిమందిలో గౌరవం ఉంటుంది. ఆపాటి జ్ఞానానికి పట్టా అక్కరలేదు. వైర్‌షార్క్ ఉచితం, పేరు నమోదు చేసుకుంటే సిస్కోవారి ప్యాకెట్ ట్రేసరూ ఉచితమే. నెట్‌వర్కు పరికరాలను నడిపే ప్రోగ్రాములే వ్రాయదలిస్తే మాత్రం పట్టాకు విలువ ఉంది.

ఏ పని చేయదలిచాడో ముందు మీ అబ్బాయిని అడగండి. ఫీజు సంగతి తరువాత.