మస్కోవీని బాతుల లెక్కలో కలిపేస్తే

మస్కోవీ బాతు మిగతా పెంపుడు బాతులకు దూరపు చుట్టమే. నాటు బాతు, ఖాకీ క్యాంప్‌బెల్, పెకిన్ అన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి. మస్కోవీ పుట్టిల్లు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న అడవి వాగులు. అక్కడ అది చెట్టు తొర్రల్లో గుడ్లు పెడుతుంది, పదునైన గోళ్లతో కొమ్మల మీద వాలుతుంది. కొలంబస్ ఓడలు చేరక ముందే అక్కడి ఆదివాసులు దాన్ని మచ్చిక చేసుకున్నారు. కళ్ల చుట్టూ ఎర్రటి కండ బొడిపెలు, బుసకొట్టడమే తప్ప గట్టిగా అరవని మగది, బరువులో దానికి సగమే ఉండే ఆడది: చూడగానే తెలిసే గుర్తులు ఇవి. పైకి కనిపించనివే పెంపకందారు జేబుకు చిల్లు పెడతాయి. మస్కోవీని మామూలు బాతు లెక్కన పెంచితే పొదుగుడులోనూ నష్టమే, జబ్బుల దగ్గరా నష్టమే.

ముందు రంగు సంగతి. అడవి మస్కోవీ నలుపు, రెక్కల మీద తెల్ల మచ్చలు. పెంపకంలో తెలుపు, నీలం, చాక్లెట్ రంగులు నిలదొక్కుకున్నాయి. చాక్లెట్ రంగు జన్యువు అంతర్గతమైనది, పైగా లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. చాక్లెట్ మగదాన్ని నల్ల ఆడదానితో జత కట్టిస్తే ఆడపిల్లలన్నీ చాక్లెట్, మగపిల్లలన్నీ నలుపు. గుడ్డులోంచి బయటపడ్డ రోజే నూగు చూసి ఆడా మగా చెప్పేయవచ్చు. జతను తిరగేసి, మేలిమి నల్ల మగదాన్ని చాక్లెట్ ఆడదానితో కలిపితే పిల్లలన్నీ నలుపే, ఆ వీలు పోతుంది. నీలం తీరు వేరు. ఆ జన్యువు ఒకటుంటే నీలం, రెండుంటే వెండి రంగు. అందుకే నీలం జతకు పుట్టిన పిల్లల్లో సుమారు సగమే నీలం. మిగిలిన సగంలో నలుపూ వెండీ సమానంగా వస్తాయి. ఇందులో కల్తీ ఏమీ లేదు.

సంతానం దగ్గరికి వస్తే 35 రోజులన్నది గుర్తుండాలి. మామూలు బాతు గుడ్డు 28 రోజుల్లో పిల్లవుతుంది, మస్కోవీకి మరో వారం. రెండు రకాల గుడ్లనూ ఒకే ఇంక్యుబేటర్‌లో ఒకే షెడ్యూలు మీద పెడితే మస్కోవీ గుడ్లు చెడినట్టే. తల్లి రోజూ కాసేపు గూడు వదిలి, నీళ్లలో మునిగి, తడి ఈకలతో వచ్చి మళ్లీ కూర్చుంటుంది. అందుకే యంత్రంలో పెట్టిన గుడ్లను కూడా సగం రోజులు దాటాక రోజూ చల్లార్చి నీళ్లు చిలకరిస్తారు. తల్లి మాత్రం ఈ పనిని ఎవరూ చెప్పకుండానే చేసుకుపోతుంది. పొదుగుడు మీద మస్కోవీకున్న ఆసక్తి మరే పెంపుడు బాతుకూ లేదు.

జత కట్టే తీరుకొస్తే, మగపక్షి అంగం స్క్రూ చుట్టులా ఉంటుంది. ఆడపక్షి మార్గం అందుకు ఎదురు దిశలో మెలి తిరిగి ఉంటుంది. అమెరికాలో పనిచేసే శాస్త్రవేత్త పాట్రీషియా బ్రెనన్ బృందం మస్కోవీ మగబాతులను హైస్పీడ్ కెమెరాతో చిత్రించి, అంగం బయటికి రావడానికి సెకనులో మూడో వంతుకు కాస్త ఎక్కువ సమయం చాలని తేల్చింది. రకరకాల ఆకారాల గాజు గొట్టాలు పెట్టి చూస్తే, ఆడదాని మార్గాన్ని పోలిన మెలికల్లో అది తడబడింది. ఇష్టం లేని మగదాన్ని అడ్డుకునే ఏర్పాటు ఆడదాని ఒంట్లోనే ఉందన్నమాట.

మస్కోవీ మగదానికి, మామూలు ఆడబాతుకు పుట్టేది మ్యూల్ బాతు. రెండు జాతుల్లోనూ క్రోమోజోములు 80 చొప్పునే అయినా, సంకరం మాత్రం కంచర గాడిదలా గొడ్డుదే. అందుకే ప్రతి తరాన్నీ మళ్లీ మొదటి నుంచి పుట్టించాలి. సహజంగా కలిస్తే ఫలించే గుడ్లు తక్కువ కాబట్టి కృత్రిమ గర్భధారణే దారి. తైవాన్‌లో పెకిన్ మగదాన్ని తెల్ల త్సైయా అనే రకం ఆడదానితో కలిపి, ఆ సంకర ఆడదానికి మస్కోవీ వీర్యం ఎక్కిస్తారు. వీర్యం ఎక్కువ రోజులు పనిచేసే త్సైయా ఆడవాటి కోసం 1992 నుంచి ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి అక్కడ ఎంపిక సాగించారు. వారానికి రెండుసార్లు చేసే పనిని ఒక్కసారికి తగ్గించడం లక్ష్యం. ఫ్రాన్స్‌లో మ్యూల్ మగబాతులు ఫుఆ గ్రా అనే కొవ్వు కాలేయం కోసం పెరుగుతాయి. బలవంతంగా మేపి తయారుచేసే ఆ సరుకు దిగుమతిని భారత్ 2014లో నిషేధించింది; మంచి పనే.

ఇక వైరస్‌లు. 1989లో పశ్చిమ ఫ్రాన్స్‌లో మస్కోవీ పిల్లలు కుప్పలుగా చచ్చాయి. కారణం పార్వోవైరస్. గూస్ పక్షుల్లో అప్పటికే తెలిసిన వైరస్‌కు ఇది దగ్గరి బంధువు, కానీ వేరే రకం. చైనాలో దీన్నే మూడు వారాల జబ్బు అన్నారు. పార్వోవైరస్ విభజన జరుగుతున్న కణాల్లోనే పెరగగలదు కాబట్టి పిల్లలకు ప్రాణాంతకం, పెద్దవాటికి అంత కాదు. పిల్లలు పారుతూ, కాళ్లు పడిపోయి, వెల్లకిలా పడతాయి. బతికినవి గిడసబారి, ఈకలు సరిగా రాక మిగులుతాయి. అదే షెడ్డులో పెకిన్ పిల్లలు హాయిగా తిరుగుతుంటే యజమాని మేతనే అనుమానిస్తాడు. గుడ్లకు రాకముందే తల్లులకు టీకా వేస్తే రక్షణ పచ్చసొన ద్వారా పిల్లకు అందుతుంది. అది కొద్ది వారాల్లో తరిగిపోతుంది కాబట్టి పిల్లలకూ వేయాలి.

రియోవైరస్ కూడా మస్కోవీని ఏరి పట్టేదే. చచ్చిన పిల్లను కోస్తే కాలేయం, ప్లీహం నిండా తెల్లటి చుక్కలు. బాతు ప్లేగు హెర్పిస్ వైరస్ వల్ల వస్తుంది, అది ఏ బాతునూ వదలదు, మస్కోవీని మరీ గట్టిగా పట్టుకుంటుంది. 1923లో నెదర్లాండ్స్‌లో బయటపడిన ఈ జబ్బు 1960లలో పశ్చిమ బెంగాల్‌లో కనిపించింది. దానికి బలహీనపరిచిన సజీవ టీకా ఉంది. పెకిన్ పిల్లలను ఊడ్చేసే వైరల్ హెపటైటిస్ మాత్రం మస్కోవీ జోలికి పెద్దగా రాదు. జాతి తేడా ఇక్కడ మేలే చేసింది.

బర్డ్ ఫ్లూకు ఆ పట్టింపు లేదు. 2021–22లో ఫ్రాన్స్‌లో 1,300కు పైగా ఫారాల్లో అది బయటపడింది. 2023 అక్టోబరు 1 నుంచి 250కి మించి బాతులున్న ఉత్పత్తి ఫారాలకు, పెకిన్, మస్కోవీ, మ్యూల్ తేడా లేకుండా, అక్కడి ప్రభుత్వం టీకా తప్పనిసరి చేసింది. ఆ సీజన్‌లో ఫారాల్లో తేలిన కేసులు పది. టీకా వేసిన మందలో వైరస్ లక్షణాలు లేకుండా తిరగవచ్చు కాబట్టి, చచ్చిన బాతుల నుంచి నమూనాలు తీసి పరీక్షించే పని టీకా తర్వాత కూడా సాగుతుంది.