సంరక్షణ ప్రణాళిక కాగితాల పని కాదు



మంచం పట్టిన వృద్ధులకు ఇంటివారి ఆప్యాయత చాలునని, నర్సులు రాసే సంరక్షణ ప్రణాళిక వట్టి కాగితాల పని అని గత సంచికలోని వ్యాసం తేల్చివేయడం సమంజసం కాదు. గంటల తరబడి ఒకే భంగిమలో పడుకున్నప్పుడు ఎముకకు, పరుపుకు మధ్య చర్మం నలిగి, రక్తప్రసరణ తగ్గి ఏర్పడే ఒత్తిడి పుండ్లను ఎంత ప్రేమగల కుటుంబమైనా తొలి దశలో పోల్చుకోలేకపోవచ్చు. వేలితో నొక్కినా తెల్లబారని ఎరుపు వాటి మొదటి హెచ్చరిక. ముదురు రంగు చర్మంపై అదీ స్పష్టంగా కనిపించదు గనుక వేడిని, గట్టిదనాన్ని తాకి గుర్తించవలసి ఉంటుంది.

ఈ పుండ్ల ముప్పును అంచనా వేసేందుకు 1987లో వెలువడిన బ్రేడెన్ కొలమానం స్పర్శజ్ఞానం, చర్మపు తడి, నడక, కదలిక, పోషణ, రాపిడి అనే 6 అంశాలకు మార్కులు వేస్తుంది. మొత్తం 23కు 18 లేదా అంతకంటే తక్కువ వస్తే ముప్పు ఉన్నట్టు లెక్క. అయితే మార్కులు వేసి ఊరుకుంటే అది ప్రణాళిక అనిపించుకోదు: రోగిని ఏ వేళకు ఎవరు పక్కకు తిప్పాలో, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు ఎలా ఉంచాలో, తడిసిన బట్ట ఎప్పుడు మార్చాలో రాసి, ఫలితాన్ని బట్టి సవరిస్తూ పోవాలి.

కొన్నిచోట్ల ఈ పత్రాలను యాంత్రికంగా నింపుతున్న మాట నిజమే. అది అమలులోని లోపమే గాని పద్ధతిలోనిది కాదు. వృద్ధులను ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రులు ఈ ప్రణాళికను తెలుగులో రాసి కుటుంబం చేతికి ఇవ్వాలి.

— ఒక పాఠకుడు