లూప్ లైన్‌లో 40 రోజులు

ముందే చెప్పేస్తున్నా, ఇది రివ్యూ కాదు. బెంచ్‌మార్క్ స్కోర్లు ఉండవు, "కొనొచ్చా, ఆగాలా" అన్న తీర్పూ ఉండదు. నేను చెప్పబోయే సాఫ్ట్‌వేర్ ఫ్రీ. దాన్ని నడిపిన ల్యాప్‌టాప్ నా బీటెక్ సెకండియర్‌లో కొన్నది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, ఛార్జర్ పీకితే పది నిమిషాల్లో ఆరిపోయే బ్యాటరీ. అయినా ఈ ఏడాది నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన గ్యాడ్జెట్ ఏదంటే అదే పేరు చెప్తా.

విషయం ఏంటంటే, నాకు పచ్చకామెర్లు వచ్చాయి. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ మామూలు జ్వరమే అనుకుని మూడు రోజులు లాగించేశా. నాలుగో రోజు అద్దంలో చూస్తే కళ్లు పసుపు. టెస్టులో హెపటైటిస్ ఏ అని తేలింది. కలుషితమైన నీళ్ల నుంచో, తిండి నుంచో వచ్చే వైరస్. బిలిరుబిన్ 1 దగ్గర ఉండాల్సింది, నాకు 9. "దీనికి ప్రత్యేకంగా మందంటూ లేదు. రెస్ట్ తీసుకుంటే లివర్ తనంతట తనే కోలుకుంటుంది" అన్నారు డాక్టర్. మందు లేని జబ్బు అంటే మొదట భయమేసింది. రెస్టే మందు అంటే ఇంకా భయమేసింది. ఎందుకంటే నాకు రెస్ట్ తీసుకోవడం రాదు.

కాజీపేటలో మా ఇంటికి వచ్చేశా. అమ్మ ఇడ్లీ, మజ్జిగన్నం, కొబ్బరినీళ్ల మీద పెట్టింది. పదో రోజు కాస్త బాగుందనిపించి, ఎవరికీ చెప్పకుండా ఆఫీస్ ల్యాప్‌టాప్ తెరిచి కాల్‌లో కూర్చున్నా. రిలీజ్ దగ్గర పడింది, నా మాడ్యూల్ సగంలో ఉంది. నలభై నిమిషాలకు ఒళ్లంతా చెమటలు. మ్యూట్ చేసి, కెమెరా ఆపి, బాత్రూమ్‌కి పరిగెత్తి వాంతి చేసుకున్నా. తిరిగొచ్చేసరికి నా పని ఇంకొకరికి ఇచ్చేశారు. మర్యాదగానే ఇచ్చారు. "నువ్వు హెల్త్ చూసుకో" అన్నారు. అమ్మ ఆ ల్యాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

నేను లేకపోయినా బిల్డ్ ఆగలేదు. జ్వరం కంటే ఆ మాటే ఎక్కువ పీకింది.

ఫోన్ ఉంది కదా అనుకుంటారు. ఉంది, కానీ మన ఫోన్లలో ఉన్నవన్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం చేసినవే. ఒక గేమ్ తెరిస్తే "మీ స్ట్రీక్ పోయింది" అంటుంది. ఇంకోటి సీజన్ ఇంకా 6 రోజులే అని కౌంట్‌డౌన్ చూపిస్తుంది. షూటింగ్ గేమ్‌లో రెండో మ్యాచ్‌కే చేతులు వణికి, టీమ్‌మేట్స్‌తో తిట్లు తిన్నా. లింక్డ్‌ఇన్ సంగతి సరేసరి. నేనేం మిస్సవుతున్నానో లెక్కపెట్టి మరీ చెప్పే యాప్‌లే అన్నీ.

అప్పుడు బయటికొచ్చింది ఈ పాత ల్యాప్‌టాప్. అందులో ఎప్పుడో మా బాబాయ్ కొన్న మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ ఫోల్డర్ ఉంది. 2001లో వచ్చిన గేమ్ అది. రెండో భాగం తెస్తామని చెప్పిన మైక్రోసాఫ్ట్, 2009లో ఆ స్టూడియోనే మూసేసింది. కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఫ్యాన్స్ వదల్లేదు. వాలంటీర్లు కలిసి ఓపెన్ రైల్స్ అని ఒక ఓపెన్ సోర్స్ సిమ్యులేటర్ రాశారు. పాత గేమ్ రూట్లను, ఇంజిన్లను చదువుతుంది, బ్రేకులు, చక్రాల పట్టు వంటి ఫిజిక్స్ మాత్రం కొత్తగా లెక్కిస్తుంది. ఫ్యాన్స్ చేసిన మన ఇండియన్ ఇంజిన్లు, రూట్లు కూడా దొరుకుతాయి.

నేను మొదట నడిపింది ఇంగ్లండ్‌లోని సెటిల్-కార్లైల్ లైన్. సెటిల్ దాటాక చాలా దూరం ఎక్కుడే. ఎక్కువ భాగం ప్రతి 100 మీటర్లకు 1 మీటరు ఎత్తు. కాగితం మీద ఇదేం లెక్క అనిపిస్తుంది. స్టీమ్ ఇంజిన్‌కి మాత్రం చుక్కలు కనిపిస్తాయి. బొగ్గు వేసే పని కంప్యూటర్‌కి వదిలేసి, నేను ఆవిరి ఎంత వదలాలో మాత్రమే చూసుకున్నా. తొందరపడి ఎక్కువ వాడితే బాయిలర్ ప్రెజర్ పడిపోతుంది, బండి నడి చడావులో నీరసపడుతుంది. ఉన్న ఆవిరిని సరిపెట్టుకుంటూ వెళ్తే 24 ఆర్చీల రిబుల్‌హెడ్ వంతెన మీదికి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో అయినా చేరుకుంటుంది. మంచం దిగి వరండా దాకా నడిస్తేనే ఆయాసపడే నాకు ఆ లెక్క ఎవరూ వివరించక్కర్లేదు.

మొదటివారం 20 నిమిషాలకే తల తిరిగేది. ఎఫ్2 నొక్కితే ఎక్కడున్నా సేవ్ అవుతుంది. పడుకుని లేచి అక్కడి నుంచే నడపొచ్చు. ఎక్కడికి పోయావని బండి అడగదు.

మా తాత గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఒకరోజు వెనక నిలబడి చూస్తున్నాడు. నేను ఇండియన్ రూట్‌లో 58 వ్యాగన్ల గూడ్స్‌ని బ్రేకులు వదలగానే లాగబోయా.

"ఏందిరా గట్ల గుంజుతున్నవ్? చివరి డబ్బా దాక గాలి రావాలె గదా" అన్నాడు.

నిజమే. ఎయిర్ బ్రేక్ పైపులో 5 కేజీల ప్రెజర్ ఇంజిన్ దగ్గర వచ్చినంత మాత్రాన సరిపోదు, అది రేకు చివర దాకా చేరాలి. అంత పొడుగు బండికి దానికి నిమిషాలు పడుతుంది. అందాకా ఇంజిన్ ఎంత బలమైనదైనా ఆగాల్సిందే. ఆ రోజు నుంచి తాత నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. సిగ్నల్ రెండు పసుపులు చూపిస్తే నాకంటే ముందే "తగ్గియ్" అనేవాడు.

ఒక స్టేషన్లో నా గూడ్స్‌ని లూప్ లైన్‌లో పెట్టారు. మెయిన్ లైన్‌లో ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. విసుగొచ్చి, నా టీమ్‌మేట్స్ కూడా ఇలాగే వెళ్లిపోతున్నారని అనేశా. తాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నేను లూపుల పొద్దంత ఉన్న రోజులున్నయ్. లూపుల పెట్టిన బండి క్యాన్సిల్ అయినట్టు గాదురా. లైన్ క్లియర్ అయితే ఇస్తరు."

ఆఫీసులో లూప్‌లో పెట్టడం అంటే మెయిల్‌లో సీసీ కొట్టడం. నాకు ఆ మాటకి అసలు అర్థం తెలిసింది ఆ రోజే.

ఇప్పుడు నా అభిప్రాయం. మనం గేమ్‌నైనా, యాప్‌నైనా, ఫోన్‌నైనా ఫుల్ ఫిట్‌గా ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకునే రేట్ చేస్తాం. ఎఫ్‌పీఎస్ ఎంత, రిఫ్రెష్ రేట్ ఎంత, ఎంత సేపు కట్టిపడేసింది. మధ్యలో వదిలేస్తే శిక్షిస్తుందా, నెమ్మదిగా ఆడేవాడిని తక్కువ చేస్తుందా, నెల తర్వాత తిరిగొస్తే ఎలా పలకరిస్తుంది, ఇవి ఎవరూ చూడరు. నా ఉద్దేశంలో ఇవి కూడా స్పెసిఫికేషన్లే. రేపు ఏదైనా యాప్ డిజైన్ చేసే ఛాన్స్ వస్తే, స్ట్రీక్ ఫీచర్ పెట్టే ముందు హాస్పిటల్ బెడ్ మీద ఉన్న యూజర్‌ని ఒక్కసారి తలుచుకోండి.

"అది కూడా స్క్రీన్ టైమే కదా" అనొచ్చు. అవును. ఓపెన్ రైల్స్ నా లివర్‌ని బాగుచేయలేదు. దాన్ని బాగుచేసింది రెస్టూ, రోజులూ, అమ్మ వంటా. గేమ్ చేసిందల్లా ఆ రెస్ట్‌ని నేను భరించగలిగేలా చేయడం. ఇంటర్‌ఫేస్ కూడా చిరాకే: సెటప్‌కి ఒక పూట పట్టింది, ఒక రూట్‌కి ఫైళ్లు మిస్సయి రైలు గాల్లో తేలింది. 4 జీబీ ర్యామ్‌తో నడిపేవాళ్లు నీడలు ఆఫ్ చేసి, చూపు దూరం తగ్గించుకోండి.

40వ రోజు బిలిరుబిన్ 1.1కి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో, అదే ఆఫీసులో ఉన్నా. కొత్త మాడ్యూల్ ఇచ్చారు. పాతది వేరేవాళ్లు బాగానే పూర్తిచేశారు, కోడ్ చదివాను. ఆదివారాలు ఇంటికెళ్తే తాత చశ్మా తుడుచుకుంటూ ల్యాప్‌టాప్ దగ్గరికొస్తాడు.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా సిక్ లీవ్‌లో ఉంటే "ఎప్పుడు జాయిన్ అవుతున్నావ్" అని మాత్రం మెసేజ్ పెట్టకండి. గాలి చివరి డబ్బా దాకా చేరనివ్వండి.